ఇంజన్ మాట వినే విద్య: కోయంబత్తూరు సీమలో మోటారు బండ్ల చరిత్ర

మా కినత్తుకడవు కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి పోయే రోడ్డు మీద, రెండు ఊళ్లకూ దాదాపు నడిమధ్యలో ఉంది. పొన్మలై మీద వేలాయుధస్వామి గుడి, ఊరి చుట్టూ టమాట తోటలు, కొబ్బరి తోపులు. 1915లో పోత్తనూరు నుంచి పొల్లాచ్చికి మీటర్ గేజి రైలు దారి వేసినప్పుడు మన ఊరికీ స్టేషన్ వచ్చింది. అయినా ఈ ఊరి బతుకు ఎక్కువగా నడిచేది రోడ్డు మీదే. తెల్లవారకముందే టమాట పెట్టెలు ఎత్తుకుని వ్యాన్లు మార్కెట్టుకు పోతాయి. ఎనిమిది గంటలకు బడిపిల్లల వ్యాన్లు తిరుగుతాయి. ఒక వ్యాను పట్టలేదంటే ఒక ఇంటి ఆ రోజు సంపాదన ఆగిపోయినట్టే.

చరిత్ర అంటే మనం రాజులు, యుద్ధాలు, కోటలు, తేదీలు అని చదువుకుంటాం. అవి చదవాల్సిందే. కాని రోడ్డు పక్కన షెడ్డులో, చేతులకు గ్రీజు పూసుకుని, మొరాయించే ఇంజన్ దగ్గర చెవి పెట్టి "మూడో సిలిండర్ కొట్టడం లేదు" అని చెప్పే మెకానిక్ విద్యకు కూడా ఒక చరిత్ర ఉంది. ఆ విద్య ఈ సీమకు ఎలా వచ్చింది, ఎవరు నేర్పారు, ఇప్పుడు దాని గతి ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

బావి నుంచి మొదలు

మన పెద్దలు ఈ సీమకు వచ్చింది విజయనగర కాలంలోనూ, ఆ తరువాత మదురై నాయకుల కాలంలోనూ అని చెప్పుకుంటాం. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాక తెలుగు కుటుంబాలు దక్షిణాన చాలా చోట్ల స్థిరపడ్డాయి. కొందరు పాళెగాళ్ల కొలువులో చేరితే, ఎక్కువ మంది నేల నమ్ముకుని వ్యవసాయంలో దిగారు. కోయంబత్తూరు చుట్టూ వాన తక్కువ. పశ్చిమ కనుమలు మేఘాలను అడ్డుకుంటాయి. పాలక్కాడు కనుమ గుండా గాలి వస్తుంది గాని ఆ గాలి తెచ్చే వాన చాలదు. కాబట్టి ఇక్కడ బావి లేనిదే సేద్యం లేదు.

మన ఊరి పేరులోనే బావి ఉంది. తమిళంలో కిణరు అంటే బావి. పాత కాలంలో ఆ బావుల్లోంచి నీళ్లు తోడింది ఎద్దులతో. తెలుగువాళ్లు మోట అన్నారు, ఇక్కడివాళ్లు కవలై అన్నారు. రెండు ఎద్దులు వాలు బాటలో కిందికి నడిస్తే తోలు సంచి నిండా నీళ్లు పైకి వస్తాయి. ఆ తోలు సంచి కుట్టిందీ, చిరిగితే బాగు చేసిందీ ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు. ఈ సంగతి మనం మర్చిపోకూడదు. నీళ్లు రాకపోతే తాడు తెగిందా, సంచి కారుతోందా, కప్పీ బిగుసుకుందా, ఎద్దు కాలు నొచ్చిందా అని వరుసగా చూసేవాళ్లు. లోపం ఎక్కడుందో వెతకడం అనే పని ఈ సీమలో మోటార్లకంటే ముందే బావి గట్టున ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు బావులకు ఆయిల్ ఇంజన్లు పెట్టమని ప్రచారం చేశాడు. మెల్లగా ఎద్దుల చోట ఇంజన్ పంపులు వచ్చాయి. 1930ల మొదట్లో నీలగిరిలోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు చేరింది. అప్పుడు మిల్లులకూ మోటారు పంపులకూ ఊపు వచ్చింది. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి పీళమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన తొలి మోటార్లలో దాన్ని చెప్పుకుంటారు. దానికి ముందే 1926లో పీళమేడులో పి.ఎస్.జి. కుటుంబం ధర్మసంస్థ పెట్టి, పిల్లలకు పనితనం నేర్పే పారిశ్రామిక శిక్షణాలయం నడిపింది. 1951లో అదే సంస్థ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టింది. ఈ రోజు కోయంబత్తూరు పంపులు దేశమంతా పోతున్నాయంటే దాని వెనుక బావి అవసరం, ఫౌండ్రీ, లేత్ మెషీను, చేతి పని నేర్పిన బడి అన్నీ ఉన్నాయి.

విప్పి చూసిన కుర్రవాడు

ఈ కథలో అందరికీ తెలిసిన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు, అంటే జి.డి. నాయుడు గారు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. బడిలో పెద్ద చదువు చదవలేదు. యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి తోలుతున్న రడ్జ్ మోటారు సైకిలు చూసి ఆశపడ్డారు. అది కొనడానికి కోయంబత్తూరులో హోటల్లో సర్వరుగా పని చేసి డబ్బు కూడబెట్టారు. కొన్న తరువాత దాని మీద ఊరేగలేదు. ఒక్కొక్క భాగమూ విప్పి, చూసి, మళ్లీ బిగించారు. ఆయన చదివిన మొదటి పాఠ్యపుస్తకం ఆ బండే.

తరువాత పత్తి వ్యాపారంలో దిగి నష్టపోయారు. కోయంబత్తూరులో వ్యాపారం చేస్తున్న రాబర్ట్ స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు సంపాదించి 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి నడపడం మొదలుపెట్టారు. మొదట్లో తోలింది ఆయనే. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అంటే ఈనాటికీ మన తాతలకు తెలుసు. బస్సు వేళకు రావాలంటే ఇంజన్ చెడిపోయాక బాగు చేయడం చాలదు, చెడబోయేది ముందే కనిపెట్టాలి. అందుకే బస్సు కంపెనీలకు వర్క్‌షాపులు అవసరమయ్యాయి. ఆ వర్క్‌షాపులే పనివాళ్లకు బడులయ్యాయి. 1945లో ఆయన కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాసంస్థలు ఏర్పడడానికి కారకులయ్యారు. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీయే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. నాయుడు గారు 1974లో కన్నుమూశారు.

మదురై వైపు చూస్తే, అక్కడ టి.వి. సుందరం అయ్యంగార్ 1912లో బస్సు సర్వీసు మొదలుపెట్టారు. ఆయన తెలుగువారు కాదు గాని ఈ చరిత్రలో ఆయన్ని విడిచిపెట్టలేం. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకక బస్సులు ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు ఆయన కంపెనీ బొగ్గు గ్యాసుతో బండి నడిపే ప్లాంటు తయారు చేసి అమ్మింది. ఆ కాలం డ్రైవర్లకు పొద్దున బండి పట్టించడమే పెద్ద పని. ముందు బొగ్గు అంటించాలి, చక్రం తిప్పి గాలి విసరాలి, మండే గ్యాసు వచ్చేదాకా కాచుకోవాలి, ఆ తరువాతే ఇంజన్ తిప్పాలి. శక్తి కూడా తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్చేది. గ్యాసు సరిగా లేదా, బూడిద అడ్డుపడిందా, గాలి ఎక్కువైందా అని ఆ డ్రైవర్లు శబ్దం బట్టి చెప్పేవాళ్లు. కష్టకాలమే చాలామందికి ఇంజన్ మాట వినడం నేర్పింది.

డీజిల్ ఎలా పుట్టింది, ఎలా మండుతుంది

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు తన మొదటి ప్రయోగ ఇంజన్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించింది 1893లో. నాయుడు గారు పుట్టిన సంవత్సరం కూడా అదే. 1897కు ఆ ఇంజన్ బాగా పని చేసింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. వేరుశెనగ పండించే మన జిల్లావాళ్లకు ఇది వినసొంపైన సంగతే. పాపం డీజిల్ గారు 1913లో ఓడ ప్రయాణంలో మాయమై, సముద్రంలో శవమై దొరికారు.

పెట్రోలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు నిప్పు రవ్వ వేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో నిప్పు రవ్వ లేదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీరు చూసే ఉంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. పాత వ్యాన్ల ఇంజన్‌లో గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కుతారు. ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను పొగమంచు మాదిరి చల్లుతుంది. అది దానంతట అదే అంటుకుంటుంది.

దీన్నిబట్టి డీజిల్ ఇంజన్ పట్టాలంటే అయిదు కావాలని తెలుస్తుంది. ఇంజన్ తగినంత వేగంగా తిరగాలి. గాలి లోపలికి రావాలి. ఆ గాలి కారిపోకుండా నొక్కుడు పడాలి. వేడి చాలాలి. సరైన వేళకు డీజిల్ సన్నని తుంపరగా పడాలి. మెకానిక్కు చూసే రకరకాల రోగాలు చివరికి ఈ అయిదింటిలో ఏదో ఒకటి తక్కువ కావడమే.

వ్యాన్లు మన ఊరికి వచ్చిన దారి

మొదటి డీజిల్ ఇంజన్లు చాలా బరువు, ఫ్యాక్టరీలకూ ఓడలకూ మాత్రమే పనికివచ్చేవి. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో డీజిల్ పంపుల తయారీ మొదలుపెట్టాక లారీలకు, కార్లకు సరిపోయే చిన్న ఇంజన్లు సాధ్యమయ్యాయి. మన దేశంలో స్వాతంత్ర్యం తరువాత ఈ పని వేగం అందుకుంది. 1951లో బెంగుళూరులో మైకో కంపెనీ మొదలై పంపులు, నాజిల్‌లు ఇక్కడే తయారు చేసింది. ముసలి మెకానిక్కులు ఇప్పటికీ ఏ కంపెనీ పంపునైనా "మైకో పంపు" అనే అంటారు. 1954లో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు రోడ్డెక్కాయి. 1955లో మద్రాసులో అశోక్ లేలాండ్ ఆ పేరుతో నిలబడింది.

చిన్న వ్యాన్ల సంగతికి వస్తే, బజాజ్ టెంపో కంపెనీ మెటడార్ వ్యాను మన ఊళ్లలో పెళ్లిళ్లకూ, కూరగాయలకూ, బడిపిల్లలకూ అన్నిటికీ తిరిగింది. టాటా 407 వచ్చింది 1986లో, టెంపో ట్రావెలర్ 1987లో. 2005లో రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజన్‌తో టాటా ఏస్ వచ్చింది. అప్పటినుంచి సొంతంగా లారీ కొనలేని చిన్న రైతు, చిన్న వ్యాపారి కూడా బండి యజమాని అయ్యాడు. ఈ మార్పుతో బాధ్యత కూడా మారింది. బస్సు కంపెనీకి వర్క్‌షాపు ఉంటుంది, పది బస్సుల్లో ఒకటి నిలిచినా తట్టుకుంటుంది. ఒకే బండి ఉన్న ఇంటికి ఊరి మెకానిక్కే దిక్కు. అతను కారణం సరిగా కనిపెడితే వందల రూపాయల్లో పని అయిపోతుంది. తప్పు చెబితే వేలు పోతాయి, కిస్తీ కట్టడం ఆగుతుంది.

అడగాల్సిన వరుస

మంచి మెకానిక్కు పానా పట్టకముందు ప్రశ్నలు వేస్తాడు. మా వీధి చివరి షెడ్డులో నేను విన్న మాటలు ఇవి. టమాట వ్యాను తోలే అన్న వచ్చి చెప్పాడు:

"మామా, రెండు రోజులుగా పొద్దున బండి పట్టడం లేదు. పంపు పోయిందేమో, విప్పేద్దామా?"

"పంపు సంగతి తరువాత చూద్దాంలే అబ్బాయ్. సెల్ఫ్ కొడితే ఇంజన్ గట్టిగా తిరుగుతోందా, ఈడుస్తోందా?"

"గట్టిగానే తిరుగుతోంది మామా."

"తిరిగేటప్పుడు సైలెన్సర్లో పొగ వస్తోందా?"

"ఏమీ రాదు. చాలాసేపు కొట్టినాక కొంచెం తెల్లగా వచ్చి పట్టుకుంటుంది. ఒకసారి పట్టినాక రోజంతా తిప్పలు లేవు."

"రాత్రి బండి ఆపినాక డీజిల్ వెనక్కి జారిపోతోంది. ఎక్కడో గాలి లాగుతోంది."

మామ ఫిల్టరుకు పోయే రబ్బరు పైపు ఒకటి తీసి, దాని చోట కొంతసేపటికి పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు పెట్టాడు. ఇంజన్ నడుస్తుంటే అందులో బుడగలు కనిపించాయి. పాత పైపు చివర పగిలి ఉంది, క్లిప్పు వదులైంది. కొత్త పైపు, రెండు క్లిప్పులు వేసి గాలి తీశాడు. పంపు జోలికి పోలేదు.

ఈ సంభాషణలో పెద్ద పాఠం ఉంది. మామ అడిగిన ప్రతి ప్రశ్నా కొన్ని కారణాలను కొట్టేసింది. గట్టిగా తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ, సెల్ఫ్ మోటారు కాదు. పొగ లేదు కాబట్టి డీజిల్ సిలిండర్ దాకా చేరలేదు. పట్టాక బాగా నడుస్తోంది కాబట్టి నొక్కుడు, నాజిల్ బాగానే ఉన్నాయి. మిగిలింది డీజిల్ వచ్చే దారి ఒక్కటే. మన సైన్సు టీచరు గారు ప్రయోగశాలలో చెప్పే పద్ధతి కూడా ఇదే కదా.

పెద్దవాళ్ల దగ్గర అడిగి తెలుసుకున్న వరుసను ఇక్కడ రాస్తున్నాను.

మొదట తిరగడం చూడాలి. ఆగి ఉన్నప్పుడు మంచి 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీనో, కేబుల్ కొనలనో అనుమానించాలి. కొనల మీద తెల్లటి పొడి పట్టినా, ఇంజన్‌కు పోయే ఎర్తు వైరు వదులైనా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి చాలినంత వేడెక్కదు. అందుకే బ్యాటరీ తప్పును చాలామంది పంపు తప్పుగా అనుకుంటారు. ఇంకొకటి, సెల్ఫ్ పది సెకండ్లకు మించి ఒకే దమ్ములో కొట్టకూడదు. అర నిమిషం విరామం ఇవ్వాలి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

రెండోది డీజిల్ రావడం. ట్యాంకులో డీజిల్ ఉందా, ఆపే సోలినాయిడ్‌కు కరెంటు వస్తోందా, ఫిల్టరు మూసుకుందా, ఫిల్టరు అడుగున నీళ్లు చేరాయా చూడాలి. వానాకాలంలో నీళ్లు తీయడం మర్చిపోతే పంపు లోపల తుప్పు పడుతుంది. ఫిల్టరు మార్చాక చేతి పంపు కొడుతూ, గాలి మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి.

మూడోది వేడి. చాలా పాత వ్యాన్లకు హీటర్ ప్లగ్గులు ఉంటాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు తెల్ల పొగ మేఘం మాదిరి వస్తోందంటే డీజిల్ పడుతోంది, మండడం లేదు అని అర్థం. ముందు హీటర్ ప్లగ్గులు, వాటి ఫ్యూజు, రిలే చూడాలి. కొన్ని పాత ఇంజన్లలో ఈ ప్లగ్గులు ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి, దీపావళి బల్బుల దండలాగ. ఒకటి కాలితే అన్నీ ఆగుతాయి. కొత్తవాటిలో దేనికదే. ఒకటి కాలితే ఆ సిలిండర్ ఒక్కటే పొద్దున కొట్టదు, ఇంజన్ నిమిషం సేపు వణికి తరువాత సర్దుకుంటుంది.

ఇక్కడ మన ఊరి వాతావరణం కూడా గుర్తుంచుకోవాలి. జర్మనీ మంచులో పొద్దున ఇంజన్ పట్టకపోవడం సహజం. కినత్తుకడవులో మార్గళి నెల చలి కూడా అంత చలి కాదు. అందుచేత ఇక్కడ బండి రోజూ పొద్దున మొరాయిస్తే "చలికి అలాగే ఉంటుంది" అని వదిలేయకూడదు. ఏదో లోపం మొదలైందని ఇంజన్ మనకు ముందే చెబుతోంది.

నాలుగోది నాజిల్, పంపు. పట్టాక కూడా వణుకు ఆగకపోతే, అంటే మెకానిక్కులు చెప్పే "మిస్సింగ్" ఉంటే, పాత రకం ఇంజన్లలో ఒక పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్‌కు పోయే పైపు నట్టు కొంచెం వదులు చేస్తారు. బాగున్న సిలిండర్ దగ్గర వదులు చేస్తే ఇంజన్ శబ్దం మారి ఇంకా కుంగుతుంది. ఏ సిలిండర్ దగ్గర వదులు చేసినా శబ్దం మారలేదో దానిలోనే రోగం. డాక్టరు గారు వీపు మీద ఒక్కొక్క చోట స్టెతస్కోపు పెట్టి వినడం లాంటిదే ఇది. ఇక పొద్దున బాగా పట్టి, వేడెక్కాక ఆపితే మళ్లీ పట్టకపోతే పంపు అరుగుదల మీద అనుమానం పెట్టవచ్చు. వేడి డీజిల్ పలుచగా ఉండి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది.

అయిదోది నొక్కుడు. ఇది పోతే ఖర్చు పెద్దది, అందుకే చివరికి పెట్టుకోవాలి, గేజి పెట్టి కొలిచాకే నమ్మాలి. వాల్వులు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ దీని కిందికి వస్తాయి.

పొగ రంగు కూడా సాక్షి చెబుతుంది. బరువు లాగేటప్పుడు నల్ల పొగ వస్తే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ, ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ సంగతి చూడాలి. అలాంటి బండిని "ఈ ట్రిప్పు ముగించుకొస్తా" అని తోలితే హెడ్ వంగిపోతుంది.

ముసలి డ్రైవర్లు రాత్రి బండిని మిట్ట మీద ఆపేవాళ్లు. పొద్దున దొర్లించి గేరు వేస్తే పట్టుకునేది. అది తెలివే, కాని అది వైద్యం కాదు. అలాగే కొందరు గాలి లోపలికి పోయే చోట ఈథర్ స్ప్రే కొడతారు. హీటర్ ప్లగ్గు ఉన్న ఇంజన్‌లో అది ఒక్కసారిగా పేలి పిస్టన్ పగలగొట్టగలదు. అసలు జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

స్కానర్ వచ్చింది, చెవి పోవాలా?

1997లో కార్లలోకి కామన్ రైల్ పద్ధతి వచ్చింది. పాత నాజిల్‌కు 100, 200 బార్ల ఒత్తిడి చాలేది. కామన్ రైల్‌లో అది వెయ్యి దాటి రెండు వేల బార్ల దాకా పోతుంది. అంత ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అందుచేత పైన చెప్పిన నట్టు వదులు చేసే పరీక్ష ఈ బండ్లకు ఎప్పుడూ చేయకూడదు. ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బి.ఎస్. 4, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గించడానికి ఫిల్టర్లు, సెన్సార్లు, కంప్యూటర్ పెట్టె చేరాయి. ఇది మంచికే. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. ఆ పొగను రోజంతా పీల్చేది మెకానిక్కులే. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు.

ఇప్పుడు స్కానర్ తగిలిస్తే ఒక కోడ్ చూపుతుంది. ఆ కోడ్ రోగం పేరు కాదు, రోగి చెప్పే మాట మాత్రమే. "రైల్‌లో ఒత్తిడి తక్కువ" అని వస్తే ఫిల్టరు మూసుకుని ఉండవచ్చు, గాలి లాగుతుండవచ్చు, పంపు అరిగి ఉండవచ్చు, ఒక ఇంజెక్టరు లోపల కారుతుండవచ్చు. ఏదో తెలుసుకోవడానికి ఒక్కొక్క ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను చిన్న సీసాల్లో పట్టి పోల్చి చూస్తారు. ఏ సీసా ముందు నిండిందో దాని ఇంజెక్టరుదే తప్పు. చూడండి, పనిముట్టు మారింది, వరుస మారలేదు. కోడ్ చూసి నాలుగు ఇంజెక్టర్లూ మార్చేవాడికీ, సీసాలు పట్టి ఒక్కటే మార్చేవాడికీ మధ్య తేడా ఒక ఇంటి రెండు నెలల సంపాదన.

ఈ చరిత్ర ఎందుకు రాయాలి

మన ఇళ్లలో ఒక తిట్టు ఉంది. "చదవకపోతే మెకానిక్ షెడ్డుకు పంపిస్తా." పెద్దలు మన మంచికే అంటారు. పాత రోజుల్లో పదేళ్ల పిల్లల్ని షెడ్డులో చేర్చి, పానాలు అందించడంతోనూ దెబ్బలతోనూ పని నేర్పేవాళ్లు. ఆ రోజులు మళ్లీ రాకూడదు. పిల్లలు బడిలోనే ఉండాలి. కాని ఆ తిట్టులో ఇంకో అర్థం కూడా ఉంది, షెడ్డులో తెలివి లేదని. అది నిజం కాదు. నాయుడు గారు మోటారు సైకిలు విప్పిన రోజున చేసింది చదువే. ప్లాస్టిక్ పైపులో బుడగలు చూసిన మామ చేసిందీ చదువే. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివి ఈ పనిలోకి పోయేవాళ్లు తక్కువవాళ్లేమీ కాదు.

ఇంకో సంగతి. నాయుడు గారి మీద పుస్తకాలు ఉన్నాయి, ఆయన వస్తువులు కోయంబత్తూరులో ప్రదర్శనలో ఉన్నాయి. కాని ఆయన బస్సుల కింద పడుకుని పని చేసినవాళ్ల పేర్లు, తోలు సంచి కుట్టినవాళ్ల పేర్లు, బొగ్గు గ్యాసు బండ్లు తోలినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ, ఇంజన్ భాగాలకు ఇంగ్లీషు పేర్లను తమ నోటికి వచ్చినట్టు పలుకుతూ పని చేశారు. "గాలి లాగుతోంది", "బండి ఈడుస్తోంది", "సిలిండర్ కొట్టడం లేదు", "ఇంజన్ కుంగుతోంది" లాంటి మాటలు వాళ్లు తయారు చేసుకున్న శాస్త్రభాష. ఎలక్ట్రిక్ వ్యాన్లు వస్తున్నాయి. ఇంకో ఇరవై ఏళ్లకు ఈ మాటలు వినిపించకపోవచ్చు.

కాబట్టి మిత్రులారా, ఒక పని చేద్దాం. మీ తాతగారో, మామయ్యో, పక్కింటి పెద్దాయనో ఎప్పుడైనా బస్సో, లారీయో, పంపు ఇంజనో బాగు చేసినవాళ్లయితే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ సంవత్సరంలో ఎక్కడ పని నేర్చుకున్నారు, మొదట విప్పిన ఇంజన్ ఏది, శబ్దం విని రోగం ఎలా చెప్పేవాళ్లు అని అడిగి, తెలుగులోనే ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. తల్లిదండ్రులూ, గురువులూ మాకు ఇందులో తోడుండాలని కోరుతున్నాను. రాజుల చరిత్ర రాతి మీద చెక్కి ఉంది. మన మెకానిక్కుల చరిత్ర ఇంకా మనుషుల నోట్లోనే ఉంది. వాళ్లు ఉండగానే అడగాలి.